ఆర్‌టీ కెర్నల్ వేశాక సిస్టమ్ బూట్ కావడం లేదా? కెర్నల్‌ని తిట్టే ముందు ఇనిట్‌ఆర్‌డీ సైజు చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఫైనలియర్ ప్రాజెక్టుకి రోబో చెయ్యి చేస్తున్నారు. దాని మోటార్లతో ఈథర్‌క్యాట్ (మెషీన్లని కలిపే వేగమైన నెట్‌వర్క్) మీద మిల్లీసెకనుకోసారి మాట్లాడాలి. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 ఉంది. 5.15 కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) సోర్సుకి ఆర్‌టీ ప్యాచ్, అంటే పని అనుకున్న సమయానికే జరిగేలా చేసే రియల్‌టైమ్ మార్పులు, వేసి, రాత్రంతా కూర్చుని మీరే కంపైల్ చేశారు. రీస్టార్ట్ చేస్తే మొదట 'బ్యాడ్ షిమ్ సిగ్నేచర్' అంది. ఎవరో చెబితే బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని కెర్నల్‌ని ఆపే కాపలా) తీసేశారు. ఇప్పుడు 'అవుట్ ఆఫ్ మెమరీ' అని ఒక్క క్షణం మెరిసి, ఆ తర్వాత 'కెర్నల్ ప్యానిక్ - నాట్ సింకింగ్: వీఎఫ్ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)' దగ్గర ఆగిపోతోంది. "16 జీబీ ర్యామ్ పెట్టుకుని మెమరీ చాలకపోవడమేంటి సార్? ఉబుంటు మొత్తం మళ్లీ వేసేయనా?" అని అడిగారు.

వద్దు. మళ్లీ వేసినా రేపు రాత్రికి ఇదే స్క్రీన్ ముందు కూర్చుంటారు.

మీ కెర్నల్‌కి ఏమీ కాలేదు. ఇనిట్‌ఆర్‌డీ (బూట్ మొదట్లో కెర్నల్‌కి కావాల్సిన డ్రైవర్ల మూట) ఫైలు ఉబ్బిపోయింది, గ్రబ్ (కెర్నల్‌ని లోడ్ చేసే బూట్ ప్రోగ్రామ్) దాన్ని ర్యామ్‌లోకి ఎక్కించలేక వదిలేసింది. పాత కెర్నల్‌తో బూట్ చేసి, మాడ్యూళ్లని (కెర్నల్ డ్రైవర్ల ముక్కలు) డీబగ్ సమాచారం (తప్పులు వెతకడానికి పెట్టే అదనపు వివరాలు) తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, ఇనిట్‌ఆర్‌డీ కొత్తగా కట్టిస్తే సరిపోతుంది. అరగంట పని. మళ్లీ కంపైల్ చేయక్కర్లేదు.

నేను గాజువాక ఆటోనగర్‌లో పద్నాలుగేళ్లుగా సీఎన్‌సీ మెషీన్లకీ, చిన్న ఫ్యాక్టరీల కన్వేయర్లకీ కంట్రోలర్ పీసీలు కడుతున్నాను. ఆర్‌టీ కెర్నల్ వేశాక బూట్ కాలేదని నా దగ్గరికి వచ్చిన వాటిలో నిజంగా ఆర్‌టీ తప్పు ఉన్నవి చాలా తక్కువ. ఎక్కువ భాగం మీ బాపతే.

ముందు మీ పని చెప్తాను. కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్‌లో కొట్టుకోండి.

ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే ఎస్కేప్ కీ నొక్కండి, గ్రబ్ మెనూ వస్తుంది. పాత బయోస్ మెషీన్లయితే షిఫ్ట్ పట్టుకోవాలి. 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' లోకి వెళ్లి, ఆర్‌టీ అని లేని పాత కెర్నల్ ఎంచుకోండి. అది మామూలుగానే లేస్తుంది. టెర్మినల్ తెరిచి 'ఎల్ఎస్ -ఎల్‌హెచ్ /బూట్' కొట్టండి. పాత కెర్నల్ ఇనిట్‌ఆర్‌డీ నూరు ఎంబీ అటూ ఇటూ ఉంటుంది. ఆర్‌టీ దాని పక్కనే ఐదారొందలో, ఒక్కోసారి జీబీ దాకానో కనిపిస్తుంది. అదే మీ దొంగ.

ఇప్పుడు '/లిబ్/మాడ్యూల్స్' లోపల ఆర్‌టీ వెర్షన్ పేరున్న ఫోల్డర్ తీసేయండి. /బూట్‌లో ఆర్‌టీ ఇనిట్‌ఆర్‌డీని కూడా తీసేయండి. పేరు రెండుసార్లు చదివి మరీ తీయండి, పొరపాటున పాత కెర్నల్‌ది తీశారంటే అప్పుడు నిజంగానే మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి రావచ్చు. తర్వాత సోర్సు ఫోల్డర్‌లోకి వెళ్లి 'సుడో మేక్ ఇన్‌స్టాల్_మాడ్_స్ట్రిప్=1 మాడ్యూల్స్_ఇన్‌స్టాల్' కొట్టండి. ఆ స్ట్రిప్ ముక్క (డీబగ్ సమాచారాన్ని ఒలిచేసేది అదే) అంతా క్యాపిటల్ లెటర్స్‌లో ఉండాలి. అది అయ్యాక 'సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -సి -కె', దాని వెనక మీ ఆర్‌టీ వెర్షన్ పూర్తి పేరు. చివర 'సుడో అప్‌డేట్-గ్రబ్'. మళ్లీ సైజు చూడండి, నూరు ఎంబీ దరిదాపుల్లోకి దిగి ఉంటుంది.

స్ట్రిప్ కమాండుని మాడ్యూళ్ల మీద చేత్తో నడపమని కొందరు సలహా ఇస్తారు. నడుస్తుంది గానీ, మాడ్యూలు చివర అతికించి ఉన్న సంతకం కూడా దాంతో ఊడిపోతుంది. సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేసిన రోజున అవేవీ లోడ్ కావు. మేక్‌తో చేయిస్తే ముందు స్ట్రిప్ చేసి, ఆ తర్వాతే సంతకం పెడుతుంది.

అసలు ఇలా ఎందుకు ఉబ్బుతుందంటే, ఉబుంటు కెర్నల్ కాన్ఫిగ్‌లో డీబగ్ సమాచారం ఆన్‌లో ఉంటుంది. వాళ్లు ప్యాకేజీ కట్టేటప్పుడు దాన్ని విడదీసి పక్కన పెడతారు. మనం అదే కాన్ఫిగ్ కాపీ చేసుకుని కంపైల్ చేస్తే ప్రతి మాడ్యూలూ ఆ బరువు మోసుకుంటూ వస్తుంది. వాటిలో కొన్ని వందలు ఇనిట్‌ఆర్‌డీలోకి ఎక్కుతాయి. మీకు 16 జీబీ ఉండొచ్చు, కానీ గ్రబ్ నడిచేది ఫర్మ్‌వేర్ (బయోస్) ఇచ్చిన కాస్త చోటులోనే. మిగతా ర్యామ్ అప్పటికి దాని చేతికి రాలేదు.

ఇనిట్‌ఆర్‌డీ లేకపోతే కెర్నల్ ఎందుకు బోర్లా పడుతుందో కూడా చెప్పుకోవాలి. డిస్కు తెరవడానికి డ్రైవరు కావాలి, ఆ డ్రైవరేమో డిస్కులోనే ఉంది. బీరువా తాళంచెవి బీరువాలో పెట్టి తాళం వేసినట్టు. బయట ఉంచుకునే మారు తాళంచెవి ఇనిట్‌ఆర్‌డీ. పైగా గ్రబ్ మీ రూట్ పార్టిషన్‌ని యూయూఐడీతో చెప్తుంది. ఆ పొడుగాటి నంబరు ఏ డిస్కుదో వెతికి పట్టుకునే పని కూడా ఇనిట్‌ఆర్‌డీలో ఉన్న స్క్రిప్టులదే.

ఆ బ్రాకెట్‌లో ఉన్న అంకెలు చదవండి. అందరూ ప్యానిక్ అన్న మాట చూసి ఫోటో తీసి పంపిస్తారు, అసలు సంగతి బ్రాకెట్‌లో ఉంటుంది. (0,0) అంటే కెర్నల్‌కి మీరు చెప్పిన డిస్కు ఏదో అసలు తెలియలేదు. ఇనిట్‌ఆర్‌డీ అందలేదన్నమాట, లేదా అందినా విప్పలేకపోయిందన్నమాట. అదే (8,2) అని ఉంటే సాటా డిస్కు దొరికింది, రెండో పార్టిషన్ కూడా కనిపించింది, దాని మీది ఫైల్‌సిస్టమ్ చదవడం మాత్రం రాలేదు. 259తో మొదలైతే ఎన్‌వీఎంఈ డిస్కు. ఈ రెండు సందర్భాల్లోనూ ఈఎక్స్‌టీ4 (ఉబుంటు మామూలుగా వాడే ఫైల్‌సిస్టమ్) మద్దతు కాన్ఫిగ్‌లో పోయిందేమో చూడాలి.

'విప్పలేకపోయింది' అన్నాను కదా, దానికో కథ ఉంది. ఒక వర్క్‌షాపులో మోటారు డ్రైవ్ కంపెనీ ఇచ్చిన డ్రైవరు 5.4 కెర్నల్‌తోనే నడుస్తుందని, ఉబుంటు 22.04 మీద 5.4 ఆర్‌టీ వేశారు. ఇనిట్‌ఆర్‌డీ సైజు బాగానే ఉంది, అవుట్ ఆఫ్ మెమరీ రాలేదు, అయినా అదే (0,0). రెండు రోజులు తల పట్టుకున్నాం. ఉబుంటు 21.10 నుంచి ఇనిట్‌ఆర్‌డీని జెడ్‌స్టాండర్డ్ పద్ధతిలో కుదిస్తోంది. దాన్ని విప్పడం కెర్నల్‌కి వచ్చింది 5.9 నుంచి. 5.4కి అది చదవరాని ఉత్తరం. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్ కాన్ఫిగ్ ఫైల్లో కంప్రెస్ అన్న చోట జీజిప్ అని మార్చి మళ్లీ కట్టిస్తే ఆ నిమిషానికే లేచింది. మీది 5.15 కాబట్టి మీకు ఈ గొడవ లేదు. పాత కెర్నల్ వేసేవాళ్లు గుర్తుపెట్టుకోండి.

మీ ల్యాప్‌టాప్‌లో ఎన్వీడియా కార్డు ఉందని కూడా రాశారు. ఇది రెండో అడ్డంకి. ఎన్వీడియా డ్రైవరు ఆర్‌టీ కెర్నల్ కనిపిస్తే బిల్డ్ కానని మొండికేస్తుంది. 'మేక్ ఇన్‌స్టాల్' కొట్టినప్పుడు వెనకాల వరసగా కొన్ని స్క్రిప్టులు నడుస్తాయి: ముందు డీకేఎంఎస్ (బయటి డ్రైవర్లని కొత్త కెర్నల్‌కి బిల్డ్ చేసేది), తర్వాత ఇనిట్‌ఆర్‌డీ తయారీ, చివర గ్రబ్. డీకేఎంఎస్ దగ్గర ఎర్రర్ వచ్చి ఆగిందంటే దాని వెనకవి నడవకుండానే ఉండిపోవచ్చు. అప్పుడు /బూట్‌లో కెర్నల్ ఉంటుంది, ఇనిట్‌ఆర్‌డీ అసలు ఉండదు. ప్యానిక్ అదే, కారణం వేరు. కాబట్టి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు టెర్మినల్ చివరి ఇరవై లైన్లు చదవకుండా రీస్టార్ట్ కొట్టకండి. 'ఇగ్నోర్_ప్రీఎంప్ట్_ఆర్‌టీ_ప్రెజెన్స్=1' అని పెడితే ఎన్వీడియా డ్రైవరు బిల్డ్ అవుతుంది, అదీ క్యాపిటల్స్‌లోనే. కానీ మోటార్లు తిప్పే మెషీన్‌లో నేనెప్పుడూ అలా చేయను. గ్రాఫిక్స్ డ్రైవరు మధ్యలో దూరితే మీ మిల్లీసెకను ఎప్పుడు ఎంత సాగుతుందో చెప్పలేం. ఇంటెల్ గ్రాఫిక్స్‌తో నడపండి. బూట్ అయినట్టే ఉండి స్క్రీన్ నల్లగా ఉండిపోతే, గ్రబ్‌లో 'ఇ' నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైను చివర 'నోమోడ్‌సెట్' చేర్చి ఎఫ్10 నొక్కండి. అదే లైన్లో 'క్వైట్ స్ప్లాష్' అన్నవి తీసేస్తే ఎక్కడ ఆగిందో కళ్లారా కనిపిస్తుంది.

నల్ల స్క్రీన్ అంటే బూట్ కాలేదని అనుకోకండి. వేరే మెషీన్ నుంచి పింగ్ చేయండి. పలికిందంటే బూట్ అయింది, డిస్‌ప్లే ఒక్కటే రాలేదు. పింగ్ లేకుండా ల్యాప్‌టాప్ క్యాప్స్‌లాక్ లైటు టిక్కుటిక్కుమని కొట్టుకుంటోందంటే అది ప్యానిక్.

సెక్యూర్ బూట్ తీసేశారు కదా, ల్యాబ్ మెషీన్‌కి ఫరవాలేదు. కానీ అదే ల్యాప్‌టాప్‌లో విండోస్, బిట్‌లాకర్ ఉంటే, ఈసారి విండోస్ తెరిచినప్పుడు రికవరీ కీ అడగొచ్చు. కీ దగ్గర పెట్టుకోండి. సెక్యూర్ బూట్ ఉండి తీరాలంటే మీ సొంత కీ ఒకటి తయారు చేసి మోక్‌యుటిల్‌తో ఎక్కించి, కెర్నల్ మీద ఎస్‌బీసైన్‌తో సంతకం పెట్టాలి.

ఇక ప్యానిక్ కాకుండా 'యూయూఐడీ డస్ నాట్ ఎగ్జిస్ట్, డ్రాపింగ్ టు ఎ షెల్' అని బిజీబాక్స్ (ఇనిట్‌ఆర్‌డీలో ఉండే చిన్న కమాండ్ షెల్) ప్రాంప్ట్ దగ్గర ఆగేవి వేరే జాతి. ఇనిట్‌ఆర్‌డీ వచ్చింది, దానికి డిస్కు దొరకలేదు. ఎక్కువగా 'లోకల్‌మాడ్‌కాన్ఫిగ్' వాడినవాళ్లకి వస్తుంది. అది ఆ నిమిషాన లోడ్ అయి ఉన్న డ్రైవర్లనే ఉంచి మిగతావన్నీ కోసేస్తుంది. కంపైల్ త్వరగా అవుతుందని అందరికీ ఇష్టమే, కానీ ఆ మెషీన్‌లో కట్టిన కెర్నల్‌ని ఇంకో మెషీన్‌లో పెడితే ఇంతే సంగతులు. ఇంటెల్ కొత్త బోర్డుల్లో బయోస్‌లో వీఎండీ (ఎన్‌వీఎంఈ డిస్కుల్ని తన చేతిలోకి తీసుకునే ఇంటెల్ ఏర్పాటు) ఆన్ ఉండి, కాన్ఫిగ్‌లో ఆ డ్రైవరు లేకపోయినా ఎన్‌వీఎంఈ కనపడదు. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ కాన్ఫిగ్‌లో మాడ్యూల్స్ అన్న చోట 'మోస్ట్' తీసి 'డెప్' పెడితే సైజు బాగా తగ్గుతుందని చెప్తారు. తగ్గుతుంది, నిజమే. నేనూ ఒకసారి అలా పెట్టి, షాపులో సిద్ధం చేసిన ఎస్ఎస్‌డీని తీసుకెళ్లి కస్టమర్ మెషీన్‌లో బిగించి, అక్కడే వాళ్లందరి ముందు బిజీబాక్స్ చూస్తూ నిలబడ్డాను.

ఈ షెల్ గురించే ఇంకో ముక్క, వైజాగ్ వాళ్లకి ప్రత్యేకం. ఫిషింగ్ హార్బర్ వైపు ఒక షెడ్డులో ఆర్‌టీ వేసిన మర్నాడు నుంచి డిస్కు కనపడటం మానేసింది. కెర్నల్ మార్చాక వచ్చింది కాబట్టి నింద కెర్నల్ మీదే. పాత కెర్నల్‌తో పదిసార్లు ఆన్ చేసి చూద్దామని కూర్చుంటే, ఏడోసారికి అదీ ఆగింది. సాటా కేబుల్ ఊడదీస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము. ఉప్పు గాలి. కెర్నల్ వేయడానికి క్యాబినెట్ తెరిచి కదిలించినప్పుడు, అప్పటిదాకా ఎలాగోలా పట్టుకుని ఉన్న కాంటాక్టు వదిలేసింది. పిన్నులు తుడిచి కొత్త కేబుల్ వేశాక ఇప్పటిదాకా ఫోన్ రాలేదు. అందుకే పాత కెర్నల్‌తో ఒక్కసారి లేచిందని సంబరపడను, పది సార్లు లేవాలి.

/బూట్ వేరే పార్టిషన్‌గా, 512 ఎంబీతో ఉంటే అది నిండిపోయి ఇనిట్‌ఆర్‌డీ సగంలో తెగిపోతుంది. 'డీఎఫ్ -హెచ్ /బూట్' చూసుకోండి. ఇనిట్‌ఆర్‌డీ కడుతుండగా కరెంటు పోయినా అదే గతి. మన దగ్గర గాలివాన సీజన్‌లో యూపీఎస్ లేకుండా ఈ పని పెట్టుకోకండి.

ఎన్వీడియా మొండితనం తప్పితే ఇప్పటిదాకా చెప్పినవేవీ ఆర్‌టీ వల్ల వచ్చినవి కావు, ఏ కెర్నల్ చేత్తో వేసినా వస్తాయి. నిజంగా ఆర్‌టీ వల్లే ఆగిన కేసు ఒకటి చెప్తాను, ఎందుకంటే మీ రోబోకి రేపు ఇదే వస్తుంది.

రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో బరువుని బట్టి రొయ్యల్ని వేరు చేసే కన్వేయర్. రెండు కోర్ల చిన్న పీసీ. ఆర్‌టీ కెర్నల్ వేశాక బూట్ లైన్లు బాగానే పరుగెత్తుతాయి, కంట్రోల్ ప్రోగ్రామ్ సర్వీసు 'స్టార్టెడ్' అని పచ్చ అక్షరాల్లో వస్తుంది, అక్కడితో శిలైపోతుంది. కీబోర్డు పలకదు, పింగ్ రాదు. పాత కెర్నల్‌తో అదే ప్రోగ్రామ్ హాయిగా నడుస్తోంది. ప్లాంట్ మేనేజరు "మీ కెర్నలే తేడా అండీ" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

గ్రబ్‌లో 'ఇ' నొక్కి, లైను చివర 'సిస్టమ్‌డి.మాస్క్=' పెట్టి ఆ సర్వీసు పేరు రాసి బూట్ చేశాను. ఇట్టే లేచింది. అప్పుడు ప్రోగ్రామ్ తెరిచి చూస్తే, రాసిన కుర్రాడు దానికి ఫైఫో 99 ప్రయారిటీ (రియల్‌టైమ్ పనుల్లో అన్నిటికన్నా పైది) ఇచ్చాడు. లోపల నిద్రపోకుండా తిరిగే లూపు. అది చాలదన్నట్టు 'షెడ్_ఆర్‌టీ_రన్‌టైమ్_యూఎస్' విలువని -1 చేసి పెట్టాడు. మామూలుగా అది 950000 ఉంటుంది. అంటే రియల్‌టైమ్ పనులు సెకనులో 95 శాతం మించి తినకుండా, మిగతావాటికి కాస్త ఊపిరి వదిలే కట్టుబాటు. దాన్ని తీసిపారేశాడు.

మామూలు కెర్నల్‌లో అది ఒక కోర్ని తినేసినా డిస్కు, నెట్‌వర్క్, కీబోర్డు ఇంటరప్టులు (నన్ను చూడు అని పరికరాలు ప్రాసెసరుకి పంపే పిలుపులు) ఎవరి ప్రయారిటీనీ లెక్కచేయకుండా దూసుకొస్తాయి. ఆర్‌టీ కెర్నల్‌లో ఇంటరప్టులు కూడా థ్రెడ్లే (ప్రయారిటీని బట్టి వంతు వచ్చే పనులు), వాటి ప్రయారిటీ 50. 99 ఉన్న లూపు ఆ కోర్ మీద కూర్చుంటే, అదే కోర్‌కి కేటాయించిన డిస్కు ఇంటరప్టు వాకిట్లో నిలబడిపోతుంది. ఇంక డిస్కు పలకదు, దాని కోసం ఎదురుచూసేవన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగిపోతాయి. కెర్నల్ మనం చెప్పింది చెప్పినట్టు చేసింది. ప్రయారిటీ 80కి దించి, ప్రతి చుట్టూ అయ్యాక క్లాక్_నానోస్లీప్‌తో తర్వాతి మిల్లీసెకను దాకా నిద్రపుచ్చి, 950000ని తిరిగి పెట్టాను. మూడేళ్లుగా నడుస్తోంది.

కాబట్టి మీ ఈథర్‌క్యాట్ ప్రోగ్రామ్‌ని ఇప్పుడే బూట్‌లో సర్వీసుగా పెట్టకండి. చేత్తో నడిపి, వారం గడిచాక పెట్టండి. అలాగే ఇంటర్నెట్‌లో చూసి 'ఐడిల్=పోల్' చేర్చేవాళ్లున్నారు. ప్రాసెసరు క్షణం కూడా విశ్రాంతి తీసుకోదు. వైజాగ్ మే నెలలో మూసేసిన ప్యానెల్ బాక్సులో అది వేడెక్కి దానంతటదే ఆఫ్ అయిపోతే, దాన్నీ 'బూట్ ప్రాబ్లమ్' అని తీసుకొస్తారు.

మీరు చేత్తో కంపైల్ చేయాల్సిన అవసరం ఉందా అన్నది ఇంకో ప్రశ్న. డెబియన్‌లో 'లినక్స్-ఇమేజ్-ఆర్‌టీ-ఏఎండీ64' అన్న ప్యాకేజీ ఒక్క కమాండుతో దిగుతుంది. ఉబుంటు 22.04కి కూడా ఉబుంటు ప్రో ద్వారా రియల్‌టైమ్ కెర్నల్ ఇస్తున్నారు, సొంత వాడకానికి 5 మెషీన్ల దాకా ఉచితం. సంతకం, స్ట్రిప్, ఇనిట్‌ఆర్‌డీ గొడవలు వాళ్లే పడతారు. ఇంకా కొత్త కెర్నల్ వేసుకోగలిగితే ప్యాచే అక్కర్లేదు. ఇరవై ఏళ్లు బయట నలిగిన ఆర్‌టీ పని 2024 నవంబరులో వచ్చిన 6.12తో అసలు కెర్నల్‌లోనే కలిసిపోయింది, కాన్ఫిగ్‌లో ఆన్ చేసుకోవడమే. కంపైల్ చేయడం నేర్చుకోవాలని ఉంటే చేయండి, అది మంచిదే. ప్రాజెక్టు సబ్మిషన్ నెలలో మాత్రం ప్యాకేజీయే వాడండి.

సిస్టమ్ లేచాక 'యూనేమ్ -వీ' కొట్టండి, ప్రీఎంప్ట్_ఆర్‌టీ అని కనిపించాలి. ప్రీఎంప్ట్ అని మాత్రమే ఉంటే మీరు బూట్ చేసింది మామూలు కెర్నలే. 5.15లో 'ఎక్స్‌పర్ట్' ఆప్షన్ ఆన్ చేయకపోతే 'ఫుల్లీ ప్రీఎంప్టిబుల్' అన్నది మెనూలోనే కనపడదు, చాలామంది అక్కడ పొరబడి ఆర్‌టీ లేని కెర్నల్‌ని రాత్రంతా కంపైల్ చేస్తారు. తర్వాత సైక్లిక్‌టెస్ట్‌ని (ఆలస్యం కొలిచే టూల్) ఒక రాత్రి, పక్కనే మెషీన్ మీద లోడు పెట్టి నడిపి, మాక్స్ అన్న కాలమ్‌లో అంకె చూడండి. మైక్రోసెకన్లలో ఉంటుంది. మీ పనికి వంద లోపు ఉంటే చాలు. ల్యాప్‌టాప్‌లో అది అప్పుడప్పుడూ వేలల్లోకి ఎగిరితే ఆశ్చర్యపోకండి. ల్యాప్‌టాప్ ఫర్మ్‌వేర్ బ్యాటరీ, ఫ్యాన్ చూసుకోవడానికి కెర్నల్‌కి కూడా చెప్పకుండా మధ్యలో దూరుతుంది, దాన్ని ఏ ప్యాచూ ఆపలేదు. ల్యాబ్‌లో పాత డెస్క్‌టాప్ ఒకటి ఉంటే రోబోకి దాన్నే ఇవ్వండి.

ఇనిట్‌ఆర్‌డీ సైజు ముందెంత, తర్వాతెంత చూపించిందో రాయండి. నూరు ఎంబీకి దిగాక కూడా (0,0) అంటుంటే, /బూట్‌లో ఆర్‌టీ కాన్ఫిగ్ ఫైలు తెరిచి 'బీఎల్‌కే_డెవ్_ఇనిట్‌ఆర్‌డీ', 'ఆర్‌డీ_జెడ్ఎస్‌టీడీ' అన్న రెండు లైన్ల చివర 'వై' ఉందో లేదో చూసి, అది కూడా రాయండి.